పందెం తర్వాత నడక

గఫూర్ మేస్త్రిని ఏదైనా అడిగితే, అడిగిన రోజున జవాబు చెప్పేవాడు కాదు. "ఉండు" అనేవాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తన పని తాను చూసుకునేవాడు. ఆ "ఉండు" ఒక్కోసారి వారం సాగేది, ఒక్కోసారి వర్షాకాలం దాటేది. అడిగినవాడు అడిగిన సంగతే మరిచిపోయాక, ఎక్కడికో ఏదో తెమ్మని పంపేవాడు, లేదా ఎవరి బండిలోనో తోడు వెళ్లమనేవాడు. వెళ్లినవాడికి దారిలో ఏదో ఒకటి జరిగేది. అదే జవాబు. ఒంగోలు బైపాసు పక్కన ఆయన షెడ్డులో పని నేర్చుకున్నవాళ్లకు ఎన్ని తగవులున్నా, మేస్త్రిని ప్రశ్న అడగడం తేలికే గానీ జవాబు భరించడమే కష్టమన్న మాట మీద మాత్రం అందరూ ఒకటే. పూర్వం ఒకడికి జవాబు దొరికేసరికి చెప్పులు రెండూ కాలవలో కొట్టుకుపోయాయి.

ఆ షెడ్డువాళ్లు ఇంజన్ల జోలికి పోరు. బండి కింద ఉండే స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, రాడ్లు, బుష్‌లు, అదే వాళ్ల లోకం. జోరుగా పోయే కార్లు కొనుక్కున్న కుర్రకారు నెల్లూరు నుంచి, గుంటూరు నుంచి కూడా అక్కడికి వచ్చేవారు. వాళ్లకు రెండు సరదాలు. ఆదివారం నాడు విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద డ్రాగ్ పందేల్లో గెలవాలి. సోమవారం అదే కారులో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరగాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. పందెంలో కారు నిలబడ్డ చోటి నుంచి ఒక్క ఉదుటున ఎగిరి పావు మైలు తిన్నగా పోవాలి. అందుకు ముక్కు పైకి లేవాలి, బరువంతా వెనక చక్రాల మీద కూర్చోవాలి. అప్పుడే అవి నేలను పట్టుకుంటాయి. కాబట్టి ముందువైపు షాకుల నాబ్‌లు తిప్పి బిగువు సడలిస్తారు, ముందు చక్రాలు రెంటినీ కలిపి బండిని ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ రాడ్డు లింకులు ఊడదీస్తారు, వెనక టైర్లలో గాలి తగ్గిస్తారు. రోడ్డు మీద వ్యవహారం వేరు. రోడ్డుకు మలుపులుంటాయి, మలుపుల్లో గేదెలుంటాయి. ముక్కు తేలిపోయే కారు మలుపులో పక్కకు ఒరుగుతుంది, బ్రేకు వేస్తే నేలకు దణ్ణం పెడుతుంది. అక్కడ మంచిదైన గుణమే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

తిరుపాలు ఆ షెడ్డులో పెద్ద శిష్యుడు. పందేనికి బండిని సిద్ధం చేయడంలో ఆ జిల్లాలో అతన్ని మించినవాడు లేడని, అతనితో సహా అందరూ ఒప్పుకునేవారు. ఉగాది వెళ్లగానే చీరాలలో సొంత షెడ్డు తెరవాలని నిశ్చయించుకున్నాడు. మేస్త్రి సరేనన్నాడు. అతని భార్య కోటేశ్వరి కూడా సరేనంది గానీ, ఆమె సరే అనడం వెనక ఒక షరతు ఉంది, దాని సంగతి తర్వాత. వెళ్లేలోపు తిరుపాలుకు ఒక్కటి తెలియాలి. రన్‌వే మీదా రోడ్డు మీదా రెండుచోట్లా బాగుండే సెట్టింగ్ ఏది? వచ్చే ప్రతివాడూ అదే అడుగుతున్నాడు. ఒకసారి అతను తెలివిగా ఆలోచించి, బిగువుకూ వదులుకూ నడిమధ్య పెట్టి ఒక పొగాకు వ్యాపారి కారు అప్పగించాడు. ఆయన నెల తిరక్కుండా వచ్చి, అక్కడా ఓడిపోయాను, ఇక్కడా కడుపులో తిప్పింది, రెండుచోట్లా తిట్టించుకునే బండి చేసిచ్చావని చెప్పిపోయాడు. తిరుపాలుకు అప్పటి నుంచి ఒక అనుమానం పట్టుకుంది. ఆ సెట్టింగ్ ఏదో మేస్త్రికి తెలుసు. తెలిసి దాచుకున్నాడు. పెద్దవాళ్లు చివరి పట్టు ఒకటి అట్టేపెట్టుకుంటారని అందరూ అనే మాటే కదా. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాడు. మేస్త్రి అతని వంక ఆపేక్షగా చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఉండు," అన్నాడు.

ఇక కోటేశ్వరి షరతు. ఆమెకు కార్లంటే పడకపోవడమేమీ లేదు. తిరుపాలు పందేలకని పాతకారు ఒకటి కొని, దాని అడుగుభాగమంతా తన చేతులతో మళ్లీ కట్టుకుంటుంటే, పక్కన కూర్చుని కాఫీ అందించిన మనిషే. ఆమె బాధ వేరు. పందేల రోజుల్లో ఇంటికి వచ్చే తిరుపాలు ఆమెకు తెలిసిన తిరుపాలు కాదు. తలుపు తీయడం ఆలస్యమైతే తప్పు, అన్నం వేడిగా ఉంటే తప్పు. గెలిచిన రోజున మరీను. పలకరిస్తే విసురు, పలకరించకపోతే నిష్ఠూరం. "ఈమధ్య మీరు ఇంటికి రావడం లేదు, ఇంటి మీదికి దూకుతున్నారు," అని ఆమె ఒకసారి నెమ్మదిగానే అంది. అద్దంకిలో ఆమె చెల్లెలి నిశ్చితార్థం, ఇక్కడ పాత రన్‌వే మీద పందెం ఒకే రోజున పడ్డాయి. పొద్దుగూకక ముందే వచ్చి తీసుకుపోతానని తిరుపాలు మాటిచ్చాడు. ఆ ఒక్కరోజు మనిషిలా వేళకు వచ్చి, మనిషిలా పక్కన నిలబడితే చీరాల వస్తానని, లేకపోతే ఆయన ఒక్కడే పోయి షెడ్డు పెట్టుకోవచ్చునని, తను పుట్టింట్లో ఉండిపోతానని కోటేశ్వరి చెప్పింది. ఆమె బెదిరించడం తెలియని మనిషి. అందుకే అతనికి భయం వేసింది.

నిశ్చితార్థానికి మేస్త్రికీ పిలుపుంది. అందుకని ఆ రోజు టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆయన కూడా రన్‌వే దగ్గరికి వచ్చి, గొడుగు నీడన కూర్చుని పందెం చూశాడు. పందేలు అనుకున్న వేళకు మొదలు కాలేదు. చివరి జోడీ నిలబడేసరికి ఎండ వాలిపోయింది. తిరుపాలు కారు ముక్కెత్తి లేచిన తీరు చూసి జనం ఈలలు వేశారు. పక్కవాడు ఇంకా నిలబడ్డ చోటే టైర్లు తిప్పి కాల్చుకుంటూ ఉండగానే ఇతను గీత దాటేశాడు. గెలిచాడు. చేతిలో కప్పు పెట్టారు, మెడలో దండ వేశారు. అప్పుడు ఫోన్ చూసుకుంటే కోటేశ్వరి పిలుపులు వరసగా కనబడ్డాయి.

గఫూర్ మేస్త్రి షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పందెం ఆడిన బండి ఆడిన చోటే మళ్లీ రోడ్డు సెట్టింగ్‌కు రావాలి, ఆ తర్వాతే గేటు దాటాలి. లింకులు బిగించడం, నాబ్‌లు తిప్పడం, గాలి పట్టడం, అంతా కలిపి గంట పని. ఆ కట్టుబాటు కొత్తవాళ్లకు నేర్పింది తిరుపాలే. ఆ రోజు మాత్రం గంట ఎక్కడ దొరుకుతుంది? నిదానంగా పోదాం, నలభై దాటను, ఇంటి దగ్గర చూసుకుందాం అనుకున్నాడు. పనిముట్ల పెట్టె డిక్కీలో పడేసి మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి పెట్టెను చూశాడు, ఆకాశం చూశాడు, క్యారియర్ ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆ తర్వాత తిరుపాలుకు చాలాసార్లు అనిపించింది.

కాసేపు నలభైలోనే నడిపాడు. మనసు మాత్రం ఇంకా రన్‌వే మీదే పరుగెడుతోంది. గీత దాటిన క్షణం మళ్లీ మళ్లీ గుర్తొచ్చి కాలు తెలియకుండానే బరువెక్కింది. బండి ముక్కెత్తి దూసుకుపోయింది. కాలవ వంతెన మలుపులో మేకల మంద అడ్డొచ్చింది. బ్రేకు తొక్కగానే ముక్కు నేలకు వంగింది, బండి మొత్తం పక్కకు ఒరిగి, తోక ఊపి, గులకరాళ్ల మీద జారుకుంటూ పోయి కాలవ గట్టు అంచున ఆగింది. మేకలకేమీ కాలేదు. మేస్త్రి క్యారియర్ మూత ఊడి పప్పు ఆయన పంచె మీద పడింది. తిరుపాలు స్టీరింగ్ వదలకుండానే నవ్వి, చూశారా, నిలబడింది అన్నాడు. మేస్త్రి పంచె తుడుచుకుంటూ, ముందు వేములపాడు తిరునాళ్లలో ఒకసారి ఆపమన్నాడు. అక్కడ ఎడ్ల పందేలు జరుగుతున్నాయట, ఆదెయ్య అనే రైతు తనకు తెలిసినవాడట, పలకరించి పోదామట. ఇంత ఆలస్యంలో పలకరింపులేమిటని తిరుపాలుకు ఒళ్లు మండింది. పంచె మీద పప్పు చూసి కాదనలేకపోయాడు.

వాళ్లు వెళ్లేసరికి బండలాగుడు అప్పుడే ముగిసింది. ఆదెయ్య జత గెలిచింది. దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. మైకులో అతని పేరు పిలుస్తున్నారు, వేదిక మీద పెద్దలు దండలు పట్టుకుని నిలబడ్డారు. ఆదెయ్య ఆ వైపు చూడనైనా చూడలేదు. కాడి దించాడు, గొలుసు విప్పాడు, ముల్లుగర్ర దూరంగా పారేశాడు. పలుపులు రెండూ ఒక చేత పట్టుకుని, దున్ని వదిలిన చేలో ఎడ్లను నెమ్మదిగా నడిపిస్తున్నాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. మేస్త్రి వెళ్లి పలకరించకుండా గట్టు మీద కూర్చున్నాడు. తిరుపాలు నిలబడలేక అటూ ఇటూ తిరిగాడు. అంతలో ఫోన్ మోగింది. ఎంతవరకు వచ్చారని కోటేశ్వరి అడిగింది. గొంతులో కోపం లేదు, కంగారుంది. తిరుపాలు విసురుగా, "గెలిచొచ్చాను, అది అడగవేం?" అన్నాడు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడయింది.

ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియలేదు. గబగబా చేలోకి దిగి ఆదెయ్య దగ్గరికి పోయాడు. మేస్త్రి వచ్చి కూర్చున్నాడని, ఆ పలుపులు ఎవరికైనా ఇచ్చి ఒక్క మాట మాట్లాడి పంపమని చెబుతూ, చొరవగా కుడివైపు ఎద్దు మూపురం మీద చరిచాడు. దగ్గరికి రావద్దని ఆదెయ్య అరిచేలోపే ఎద్దు బుస కొట్టి తల విసిరింది. కొమ్ము తిరుపాలు చొక్కాకు తగులుకుని భుజం నుంచి నడుము దాకా చీల్చింది. అతను మట్టిగడ్డల మీద వెల్లకిలా పడ్డాడు. ఎద్దు కాళ్లు దున్నుతూ ముందుకు లాగింది. వెనక బండ లేదు, గొలుసు లేదు, అయినా ఒళ్లంతా బిగబట్టి లాగుతోంది. ఆదెయ్య పలుపు వదలకుండా దానితో పాటే పోయి, ఓ ఓ అంటూ మళ్లీ నడకలో పెట్టాడు.

ఇంకో రెండు చుట్లు తిరిగాక ఆదెయ్య తల్లి కర్ర ఊతంగా చేలోకి వచ్చింది. పండు ముసలమ్మ. తిన్నగా ఆ ఎద్దు మెడ కిందికే పోయి గంగడోలు నిమిరింది. అది తల వంచి ఆమె చెయ్యి నాకింది. తిరుపాలు కింద కూర్చునే ఇదంతా చూశాడు. భయం పోయి, వింతగా అనిపించింది. ఇందాకటి ఎద్దే కదా ఇది అని ఆదెయ్యను అడిగాడు.

"అదే. ఇంటికాడ పిల్లలు దాని మీదెక్కి ఆడుకుంటారు," అన్నాడు ఆదెయ్య. "కాడి దించితే అయిపోద్దా ఏంది? వాటి లెక్కలో ఇంకా బండ లాగతానే ఉంటాయి. అందుకే గెలిచినా ఓడినా ముందు నడిపిస్తాం. ఆ తర్వాతే నీళ్లు, ఆ తర్వాతే ఇల్లు."

అప్పటికి మైకువాళ్లు విసిగిపోయి పాటలు పెట్టుకున్నారు. ఆదెయ్య వాళ్ల వంక చూసి నవ్వి, ఎడ్లను తొట్టి వైపు తీసుకుపోయాడు.

తిరుపాలు లేచి చొక్కా దులుపుకున్నాడు. దులపడానికి అందులో మిగిలింది తక్కువే. కాసేపు కారు వంక చూస్తూ నిలబడ్డాడు. గులకరాళ్ల మీద బండి జారినప్పుడు పక్క సీట్లో మేస్త్రి ఉన్నాడు. ఇంకో గంటలో ఆ సీట్లో కోటేశ్వరి కూర్చోబోతోంది. ఆ తలపు రాగానే పోయి డిక్కీ తెరిచి జాకీ తీశాడు. మేస్త్రి గట్టు మీద నుంచి లేచి వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి స్పానర్లు అందించాడు. లింకులు బిగించారు. నాబ్‌ల దగ్గరికి వచ్చాక తిరుపాలు పొద్దున సడలించినంతా వెనక్కి తిప్పబోయి ఆగాడు. పందేల మధ్య ఎన్నిసార్లు మార్చాడో తనకే గుర్తులేదు. అందుకని రెండువైపులా నాబ్‌లను పూర్తిగా బిగుసుకునే దాకా తిప్పి, అక్కడి నుంచి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి రోడ్డు బిగువుకు తెచ్చాడు. తిరునాళ్లకు వచ్చిన పంక్చర్ల అతని దగ్గర టైర్లకు గాలి పట్టించారు. మధ్యలో తిరుపాలు ఇంటికి ఫోన్ చేశాడు. కోటేశ్వరి ఎత్తలేదు.

వాళ్లుండే వీధి మొదటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. నాలుగిళ్ల అవతల అరుగు మీద పట్టుచీరలో కోటేశ్వరి కూర్చుని ఉంది. ఎప్పటి అలవాటు చొప్పున తిరుపాలు చెయ్యి హారన్ మీదికి పోయింది. మేస్త్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడే దిగబ్బాయ్," అన్నాడు. "నడిచి పో."

తిరుపాలు ఆయన ముఖంలోకి చూశాడు. ఇంజను ఆపి దిగాడు. నాలుగిళ్ల దూరం ఎంతని? ఆ కొంచెం దూరంలోనే, వస్తూ వస్తూ మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి. ట్రాఫిక్కు, పందేలవాళ్ల ఆలస్యం, గెలుపు, ఆమె చెల్లెలి నిశ్చితార్థం కోసం తను ఎంత కష్టపడి వచ్చాడో ఆమెకు తెలియకపోవడం, ఏవీ అరుగు దాకా రాలేదు. కోటేశ్వరి లేచి నిలబడింది. ఆమె దగ్గరా మాటలు సిద్ధంగా ఉన్నాయని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఆలస్యం చేశాను," అన్నాడు తిరుపాలు. "ఫోన్లో అట్టా అనకుండా ఉండాల్సింది."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. చిరిగిన చొక్కా, మోచేతి మీద మట్టి, మెడలో వాడిన దండ. ఏమైందని అడగలేదు. లోపలికి పోయి ఉతికిన చొక్కా ఒకటి, తడి తువ్వాలు ఒకటి తెచ్చి ఇచ్చింది. అతను దండ తీసి గుమ్మం పక్కన పెట్టి, అరుగు మీదే ముఖం చేతులు తుడుచుకుని చొక్కా మార్చుకున్నాడు. ఇద్దరూ కలిసి వీధి మొదటిదాకా నడిచి వచ్చారు. మేస్త్రి అప్పటికే వెనక సీట్లోకి మారి, ఖాళీ క్యారియర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

అద్దంకి రోడ్డెక్కారు. తాంబూలాలు మార్చుకునే వేళకు అందుకుంటారో లేదో ఎవరికీ తెలియదు. అయినా తిరుపాలు తొందరపడలేదు. తొందరపడాలని అతనికే అనిపించలేదు. మలుపుల్లో బండి రోడ్డును పట్టుకుని బుద్ధిగా తిరుగుతోంది. గుంటల్లో దిగినా లేచినా ఒక్క ఊపుతో సర్దుకుంటోంది. ఊళ్లు రెండు దాటాక కోటేశ్వరి, చీరాలలో చూసిన ఇంటికి వంటగది ఎటువైపు ఉందని అడిగింది. తూర్పువైపని అతను చెప్పాడు. ఆమె కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, మళ్లీ ఇటు తిరిగింది.

"ఇవాళ బండి ఏందో నెమ్మదిగా, ఒద్దికగా పోతోంది. ఏం మార్చారు ఇందులో?"

తిరుపాలు నోరు తెరిచాడు. నాబ్‌లు, లింకులు, టైర్లలో గాలి, అన్నీ వరసగా చెప్పేవాడే. అంతలో అద్దంలో మేస్త్రి కనిపించాడు. కళ్లజోడు తీసి, పప్పు మరక పడని వైపు పంచె అంచు వెతికి తుడుచుకుంటున్నాడు. తిరుపాలు నోరు మూసుకున్నాడు. మేస్త్రి నింపాదిగా కళ్లజోడు పెట్టుకున్నాడు.

"మార్చిందేమీ లేదమ్మాయ్," అన్నాడు. "పందెం అయిపోయిందని చెప్పాం. అంతే."